పాత కారు, కొత్త గుండె

పిల్లల నోటుపుస్తకాలు దిద్దే ఏ టీచరునైనా అడగండి, చివరి పేజీలో కారు బొమ్మ లేని పుస్తకాలు తక్కువని చెబుతారు. ఆ బొమ్మల్లో నాకు ఒక విచిత్రం కనిపిస్తుంది. గీసేవాళ్లు పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు. వాళ్లు గీసే కార్లు మాత్రం చాలాసార్లు వాళ్ల తాతల వయసువి. గుండ్రటి హెడ్‌లైట్లు, పొడవాటి బానెట్, వెనక్కి జారిన పైకప్పు, రెండే సీట్లు. ఇవాళ్టి షోరూముల్లో ఇలాంటివి కనబడవు. వీడియో గేముల్లో, సినిమాల్లో, ఫోనులో చూసి ఇష్టపడ్డవి. అరవై ఏళ్ల కిందటి స్పోర్ట్స్ కారు మీద ఇప్పటి పిల్లలకు ఎందుకింత మోజు? పాత కారును బాగుచేసి, లోపల కొత్త యంత్రాలు అమర్చి నడిపే పద్ధతి ప్రపంచమంతా ఎందుకు పెరుగుతోంది? ఇందులో బదిలీల మీద ఊళ్లు మారే మనలాంటి కుటుంబాలకు పనికొచ్చే సంగతి కూడా ఒకటి ఉందని నా అభిప్రాయం. దాని గురించే ఈ వ్యాసం.

ముందుగా రెండు పనుల మధ్య తేడా తెలుసుకోవాలి. మొదటిది పునరుద్ధరణ. కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజు ఎలా ఉందో మళ్లీ అలాగే చేయడం. అదే రంగు, అదే సీటు తోలు, అదే రకం బోల్టు. రెండోదాన్ని రెస్టోమాడ్ అంటారు. రెస్టోరేషన్, మోడిఫికేషన్ అనే రెండు మాటలు కలిసి పుట్టిన పేరు అది. ఇందులో కారు రూపం పాతదే ఉంటుంది. బ్రేకులు, వైర్లు, సస్పెన్షన్, ఒక్కోసారి ఇంజను కూడా కొత్తవి వస్తాయి. మొదటి పనిలో జ్ఞాపకం ముఖ్యం. రెండో పనిలో ఆ జ్ఞాపకాన్ని రోజూ వాడుకోగలగడం ముఖ్యం.

ఉదాహరణకు ఇంగ్లండులో తయారైన జాగ్వార్ ఈ-టైప్‌ను చూద్దాం. 1961లో జెనీవా మోటార్ షోలో దాన్ని లోకానికి చూపించారు. చూడటానికి, నడిపి చూడటానికి ఎగబడినవాళ్లు ఎక్కువై ఒక్క కారు చాలలేదు. రెండో కారు తెమ్మని కోవెంట్రీకి కబురు పెడితే, కంపెనీ టెస్ట్ డ్రైవరు నార్మన్ డ్యూయిస్ రాత్రంతా నడిపి పొద్దునకల్లా జెనీవా చేర్చాడు. దాని రూపం గీసిన మాల్కమ్ సేయర్ విమాన పరిశ్రమ నుంచి వచ్చినవాడు. గాలి వస్తువు మీదుగా ఎలా జారుతుందో లెక్కలు కట్టి ఆ వంపులు గీశాడు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1996లో ఒక ఈ-టైప్‌ను తన శాశ్వత సేకరణలో చేర్చుకుంది. చిత్రాలూ శిల్పాలూ ఉండే చోట ఒక కారుకు స్థానం దొరికిందన్నమాట.

అంత అందమైన కారుకూ కష్టాలున్నాయి. ట్రాఫిక్‌లో ఆగితే ఇంజను వేడెక్కేది. మొదటి మోడళ్లలో ఫస్ట్ గేరు వేయాలంటే నేర్పు కావాలి. సీట్లు సుఖంగా ఉండవు. ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో ఈగిల్ అనే సంస్థ ఈ కార్ల మీదే ఏళ్ల తరబడి పనిచేస్తోంది. మంచి కూలింగ్, మంచి గేర్‌బాక్స్, గట్టి బ్రేకులు పెడుతుంది, ఆ వంపుల అందం మాత్రం చెడనివ్వదు. 2017లో జాగ్వారే ఇంకో అడుగు ముందుకు వేసింది. ఈ-టైప్ జీరో పేరుతో అదే కారులో పెట్రోలు ఇంజను తీసి బ్యాటరీ, మోటారు పెట్టి చూపించింది. మరుసటి ఏడు మే నెలలో బ్రిటన్ రాకుమారుడు హ్యారీ తన పెళ్లిరోజు సాయంత్రం భార్యను ఎక్కించుకుని నడిపింది అలాంటి ఎలక్ట్రిక్ ఈ-టైప్‌నే.

రెండో ఉదాహరణ జర్మనీ కారు పోర్షా 911. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్సు కంపెనీ పెజో అభ్యంతరం చెప్పడంతో 911 అయింది. ఇంజను వెనకాల ఉంటుంది, నీళ్లతో కాకుండా గాలితోనే చల్లబడుతుంది. 1990ల చివరిదాకా ఆ పద్ధతే సాగింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2009లో మొదలైన సింగర్ అనే సంస్థ పాత 911లను విప్పి కొత్తగా కట్టడంలో ప్రసిద్ధి చెందింది. కుట్టుమిషన్ల సింగర్‌కు దీనికీ సంబంధం లేదు. స్థాపకుడు రాబ్ డికిన్సన్ ఒకప్పుడు రాక్ బ్యాండులో గాయకుడు. నార్బర్ట్ సింగర్ అనే ప్రసిద్ధ పోర్షా ఇంజినీరు మీద గౌరవమూ ఆ పేరులో ఉంది. 1990 ప్రాంతపు 911ను యజమాని తెచ్చి ఇస్తే, సింగర్ వాళ్లు పెయింటు గీకి, అడుగు వరకూ విప్పుతారు. బాడీ రేకుల బదులు తేలికైన కార్బన్ ఫైబరు పెడతారు. ఇంజనును పెద్దది చేస్తారు, అయినా గాలితో చల్లబడే గుణాన్ని ఉంచుతారు. పూర్తయిన కారును తమ కారు అనరు, పోర్షాను తాము మళ్లీ ఊహించామంటారు. ఆ వినయం నాకు నచ్చింది. ధర మాత్రం కోట్లలో ఉంటుంది.

కోట్ల సంగతి చదవగానే ఇది ధనవంతుల ఆట అని మీకు అనిపించవచ్చు. అందుకే జపాన్ సంగతి చెప్పాలి. మాజ్దా కంపెనీ 1989లో రోడ్‌స్టర్ అనే చిన్న రెండు సీట్ల కారు తెచ్చింది. బయటి దేశాల్లో దాన్ని ఎంఎక్స్-5 అంటారు. మామూలు ఉద్యోగి కొనగల స్పోర్ట్స్ కారు కావడంతో లక్షల్లో అమ్ముడైంది. 2017లో ఆ తొలి తరం కార్లను తామే బాగుచేసి ఇస్తామని కంపెనీ జపాన్‌లో ప్రకటించింది. ఆగిపోయిన విడిభాగాలను మళ్లీ తయారు చేయించింది. పైకప్పు గుడ్డ, చెక్క స్టీరింగు మొదలుకొని ఆనాటి నమూనా టైర్ల వరకూ మళ్లీ వచ్చాయి. మీలో కొందరు ఇనీషియల్ డీ అనే జపాన్ కార్టూన్ చూసి ఉంటారు. అందులో కొండదారుల్లో దూసుకుపోయే తెల్ల కారు టయోటా ఏఈ86. 2023లో టోక్యో ఆటో సెలూన్‌లో టయోటా రెండు పాత ఏఈ86లను తెచ్చి, ఒకటి హైడ్రోజన్‌తో, ఇంకొకటి బ్యాటరీతో నడిచేలా మార్చి చూపింది. పెట్రోలు పోయే కాలం వచ్చినా ఇష్టపడ్డ కారును పారేయనక్కర్లేదని చెప్పడమే దాని ఉద్దేశం.

ఇక ఈ ఆకర్షణకు కారణం ఏమిటి? పాతదంటే మోజు, అంతే అని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. నాకు మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది రూపం. ఆ కాలపు కార్లకు కిటికీల పక్క స్తంభాలు సన్నగా ఉండేవి, అద్దాలు విశాలంగా ఉండేవి, మొత్తం బండి చిన్నది. ఇప్పటి కార్లు లావెక్కాయంటే ఇప్పటి డిజైనర్లకు చేతకాక కాదు. బండి బోల్తా పడ్డా పైకప్పు నలగకూడదు, ఎయిర్‌బ్యాగులకు చోటు కావాలి, ఢీకొన్న పాదచారికి దెబ్బ తక్కువ తగలాలి. లావైన ప్రతి స్తంభం వెనకా ఎవరో ఒకరి ప్రాణం దక్కిన కథ ఉంటుంది. మూడుచోట్ల బిగిసే సీటు బెల్టును వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందించాడు. అది అన్ని దేశాల్లో, అన్ని కార్లలో మామూలు కావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. కాబట్టి పాత రూపాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ రూపం ఏ లోటుతో వచ్చిందో మరిచిపోకూడదు.

రెండోది చేతికి తెలిసే అనుభవం. మొదటి 911 బరువు సుమారు 1,080 కిలోలు, శక్తి 130 హార్స్‌పవర్. ఇప్పటి 911 దానికంటే కొన్ని వందల కిలోలు బరువు, శక్తి మూడింతలకు దగ్గర. వేగంలో పాతది కొత్తదాని దరిదాపుల్లోకి రాదు. కానీ పాతదానిలో స్టీరింగు పట్టుకుంటే రోడ్డు మీది గతుకు అరచేతికి తెలుస్తుంది. గేరు పడిందో లేదో చెవికి తెలుస్తుంది. సైకిలు తొక్కేవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. బస్సులో వంద కిలోమీటర్లు పోయిన దానికంటే సైకిలు మీద పది కిలోమీటర్లు పోయిన దారి బాగా గుర్తుంటుంది కదా.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. పాత కారును మనిషి విప్పగలడు, చూడగలడు, అర్థం చేసుకోగలడు. కార్బ్యురేటరు అనేది గాలినీ పెట్రోలునూ కలిపే చిన్న పరికరం. దాన్ని విప్పి, కడిగి, మళ్లీ బిగించవచ్చు. ఎనిమిదో తరగతి సైన్సు తెలిసిన పిల్లవాడికి అది ఎలా పనిచేస్తుందో చెప్పవచ్చు. ఇప్పుడు ఆ పనిని కంప్యూటరు చూసుకునే ఇంజెక్షన్ పద్ధతి చేస్తోంది. అది పొగ తక్కువ చేస్తుంది, పెట్రోలు ఆదా చేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ చెడితే పెట్టె తీసి ఇంకో పెట్టె పెట్టాలి. వస్తువు మన చేతికి లొంగడం లేదన్న వెలితి పెద్దవాళ్లకూ ఉంది, పిల్లలకూ ఉంది. పాత బండి మీది ప్రేమలో సగం ఆ వెలితిలోంచే పుడుతోందని నా నమ్మకం.

ఇలా మార్చడం తప్పు అనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట తేలికగా తీసుకోవలసింది కాదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్కలో చారిత్రక వాహనమంటే కనీసం ముప్ఫై ఏళ్ల వయసుండాలి, చరిత్రకు అనుగుణమైన స్థితిలో ఉండాలి. పెట్రోలు ఇంజను తీసి బ్యాటరీ పెట్టిన కారు ఆ నిర్వచనంలోకి రాదని ఆ సంస్థ 2019లో తేల్చి చెప్పింది. మన దేశపు చట్టమూ ఇంచుమించు అదే దారిలో ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్లు దాటిన సొంత బళ్లకు 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చు, రోజూ తిరగడానికి వీల్లేదు. తయారీదారు నిర్ణయించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో చెప్పింది. ఆమోదం పొందిన కిట్‌తో ఇంధనం మార్చుకోవడానికి మాత్రం చట్టంలో దారి ఉంది. అంటే ఇంట్లో ఉన్న పాత బండికి వీధి చివర గ్యారేజీలో తోచిన ఇంజను వేయించడం మన దేశంలో కుదరదు. అది మంచిదే. రోడ్డు మీద మనం ఒక్కరమే లేము.

ఈ రెండు వైపులా చూశాక నాకు మూడు ప్రశ్నలు మిగిలాయి. పాత వస్తువును మార్చే ముందు ఎవరైనా వీటిని అడగాలంటాను.

అలాంటివి ఇంకా ఎన్ని మిగిలాయి? ఇది మొదటి ప్రశ్న. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను చూసే ఉంటారు. 1912 నాటిది, నిజాం కోసం తయారైంది. అలాంటిది ఇంకొకటి దొరకదు. అందులో ఏసీ పెట్టిస్తాననేవాడిని ఎవరూ సమర్థించరు. వేలల్లో, లక్షల్లో తయారైన రోడ్‌స్టరు సంగతి వేరు. ఒకటి మారినా మిగిలినవి చరిత్రను చెబుతాయి.

చేసిన మార్పును వెనక్కి తీసుకోవచ్చా అన్నది రెండో ప్రశ్న. బ్యాటరీ పెట్టిన ఈ-టైప్‌లో బాడీని కోయలేదు. పాత ఇంజనును దాచుకుంటే మళ్లీ బిగించుకోవచ్చు. రేకు కోసి, ఛాసిస్ నరికి చేసిన మార్పుకు తిరుగుదారి ఉండదు.

మార్పు అవసరం కోసమా, ఆడంబరం కోసమా? ఇది మూడోది. కొన్ని మార్పులు కాలమే చేయిస్తుంది. ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. అది పిల్లల మెదడుకు హాని చేస్తుందని తెలిసి ప్రపంచమంతా మానేశారు, మన దేశంలో 2000లో పూర్తిగా ఆగింది. సీసానికి అలవాటుపడ్డ పాత ఇంజన్లలో వాల్వు కూర్చునే చోట గట్టి లోహం వేయించక తప్పలేదు. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. దానికి తట్టుకోలేని పాత రబ్బరు గొట్టాలు మార్చాలి. మారకపోతే ఆ బండి మొరాయించవచ్చు, లేదా నడిరోడ్డు మీద నిప్పంటుకునే ప్రమాదం ఉంది. వీటిని తప్పుపట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

ఈ మూడు ప్రశ్నలను నేను కార్ల దగ్గర ఆపదలచుకోలేదు. నేను తెలుగు టీచర్ని. బదిలీల మీద ఊరూరా తిరుగుతూ మీలాంటి పిల్లలనే చూస్తున్నాను. ఒక ఊళ్లో ఒకటో తరగతి, ఇంకో రాష్ట్రంలో నాలుగు, మరోచోట ఎనిమిది. వెళ్లిన ప్రతిచోటా మీలో ఒక భాగం మారుతుంది. లక్నోలో 'హమ్' అనడం వస్తుంది, కొచ్చిలో నాలుగు మలయాళం మాటలు వస్తాయి, గువాహటిలో తినే తిండి మారుతుంది. సెలవుల్లో ఊరికి వెళితే పెద్దమ్మో బాబాయో "వీడి తెలుగు పాడైపోయిందే" అంటారు. కొందరు పిల్లలు ఆ మాటకు నొచ్చుకుని అసలు నోరే విప్పరు. ఆ మౌనం గురించే నా బెంగంతా.

మీ పెద్దవాళ్లు కోరేది పునరుద్ధరణ. ఊళ్లో పుట్టి ఊళ్లోనే పెరిగిన పిల్లవాడిలా మీరు మాట్లాడాలని వాళ్ల ఆశ. అది జరగదు, జరగాల్సిన పని కూడా లేదు. మీ ఇంజనులో నాలుగు రాష్ట్రాల నూనె ఉంది, అది మీ బలం. కానీ పై ప్రశ్నలు మీకూ వర్తిస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమంది మిగిలారు? మీ తరువాత మీ తమ్ముడికో చెల్లికో ఎవరు చెబుతారు? కొత్త భాష రావడం మంచి మార్పు. దానికోసం పాతది కోసి పారేస్తే తిరుగుదారి ఉండదు. అమ్మమ్మతో ఫోనులో మాట్లాడటానికి అమ్మ మధ్యలో అనువాదం చేయాల్సి వస్తే, ఛాసిస్ దాకా కోత పడిందని అర్థం.

మరి మీలో ఏది బాడీ, ఏది విడిభాగం? నా లెక్క చెబుతాను, మీ లెక్క వేరు కావచ్చు. యాస విడిభాగం. హిందీ, ఇంగ్లీషు మాటలు కలవడం విడిభాగం. పండక్కి ఏం వండుకున్నారన్నదీ విడిభాగమే. అత్త, పిన్ని, మామయ్య, బావ అనే పిలుపులు బాడీ. అందరినీ 'ఆంటీ, అంకుల్' చేసేస్తే చుట్టరికాల ఆకారమే చెదిరిపోతుంది. తాతయ్యను 'మీరు' అనాలో 'నువ్వు' అనాలో మీ ఇంటి పద్ధతి తెలియడం బాడీ. తెలుగు అక్షరం చూసి, కూడబలుక్కునైనా చదవగలగడం బాడీ.

మన భాష కూడా ఇలాంటి మార్పులకు లోబడే బతికింది. అరసున్న, బండి ఱ ఇప్పుడు మన రాతలో దాదాపు లేవు. గిడుగు రామమూర్తి పంతులు నూరేళ్ల కిందట పోరాడింది, జనం మాట్లాడే భాషలోనే పుస్తకాలు రాయాలని. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన పాత కావ్యాలను తగలబెట్టమనలేదు. అవి ఉన్నచోటే ఉన్నాయి, కావాలంటే చదువుకోవచ్చు. భాషను అద్దాల పెట్టెలోంచి తీసి రోడ్డెక్కించాడాయన. అందుకే ఈ వ్యాసం ఇవాళ మీకు అర్థమవుతోంది.

కారు మ్యూజియంలో ఉంటే చెడదు, నిజమే. కానీ రబ్బరు ఎండిపోతుంది, నూనె గడ్డకడుతుంది, తిప్పకపోతే ఇంజను పట్టేస్తుంది. పాత కార్లు ఉన్నవాళ్లలో కొందరు వారానికోసారైనా బండి తీసి నాలుగు కిలోమీటర్లు తిప్పి తెస్తారు. ఇంట్లో తెలుగుకూ అంతే సమయం చాలు. తప్పులు వస్తే రానివ్వండి. ఎవరైనా నవ్వితే మీరూ నవ్వండి, మాట మాత్రం ఆపకండి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఇంట్లో ఒకప్పుడు ఏ బండి ఉండేదో తాతయ్యనో నానమ్మనో అడగండి. లూనా కావచ్చు, చేతక్ స్కూటరు కావచ్చు, ప్రీమియర్ పద్మిని కావచ్చు, అట్లాస్ సైకిలైనా కావచ్చు. ఎంతకు కొన్నారు, ఎక్కడెక్కడికి వెళ్లారు, ఏ భాగం తరచూ చెడేది, చివరికి ఎవరికి అమ్మారు, ఇవన్నీ తెలుగులోనే అడిగి తెలుగులోనే రాసుకోండి. రాయలేకపోతే చెప్పి రికార్డు చేయండి, రాయడానికి నేను సాయం చేస్తాను. వచ్చే ఏడాది సంచికకు మన తెలుగు విభాగంలో రెండు పేజీలు వాటికోసమే అట్టిపెడదాం.